గంట మోగేదాకా

"ఇరవై ఏడేళ్ల కాపురం! ఆ మొగుడికి కథ మొత్తంలో ఒక్క డైలాగన్నా లేదు. మనిషా, బండరాయా?" అంటూ పళ్ల డాక్టరు యెస్పర్ కాగితాలు బల్లమీద పడేశాడు.

వీబెకెకి చెవులు వేడెక్కాయి. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

ద్వీపంలోని లైబ్రరీ పై గదిలో ప్రతి శనివారం పొద్దున జరిగే కథల తరగతి అది. ఎవరికి వాళ్లు కథ టైపు చేసి, పేరు రాయకుండా మెట్ల దగ్గరున్న డబ్బాలో వేస్తారు. టీచర్ సీనె అందులోంచి ఒకటి తీసి చదువుతుంది. మిగతావాళ్లు ఏకిపారేస్తారు. ఆమె ఇత్తడి గంట కొట్టేదాకా రాసినవాళ్లు నోరు మెదపకూడదు. మెదిపితే వచ్చేవారం అందరికీ కేక్ తేవాలి. వీబెకె స్నేహితురాలు, నోరు ఆగని బోడిల్ ఇప్పటికే రెండుసార్లు తెచ్చింది.

ఇవాళ్టి కథ ఓ భార్య 'నేను' అంటూ చెప్పుకున్నది. భర్త మౌనం భరించలేక ఆమె బట్టలు సర్దుకుంటుంది. నీలం సూట్‌కేసుని నేలమాళిగలో ఊరబెట్టిన బీట్‌రూట్ సీసాల వెనక దాచిపెట్టి, మంగళవారం మొదటి పడవకి వెళ్లిపోవాలనుకుంటుంది. 'అతను నోరు తెరిస్తే ఏమంటాడో నాకు తెలియదు' అన్న వాక్యంతో కథ ఆగిపోయింది.

వీబెకె నేలమాళిగలోనూ ఒక సూట్‌కేసు ఉంది. నీలం రంగుదే. బీట్‌రూట్ సీసాల వెనకే ఉంది. మంగళవారం పడవకి టికెట్టు కూడా కొనేసింది. ఒడెన్సె నగరంలో ఉన్న చెల్లెలికి తప్ప, వెళ్లిపోవాలని ఉందన్న మాట ఆమె చెప్పుకున్నది బోడిల్ ఒక్కదానితోనే. సూట్‌కేసు సంగతి బోడిల్‌కీ చెప్పలేదు. కానీ పోయిన నెల సీసా ఒకటి అడిగి, "నువ్వు కూర్చోవే, నేను తెచ్చుకుంటా" అంటూ బోడిల్ తనే కిందికి దిగింది.

పైగా ఇవాళ, ఎవరూ అడక్కుండానే, యాపిల్ కేక్ పట్టుకొచ్చింది. ముందస్తు జరిమానా కాకపోతే ఇంకేమిటది?

వీబెకె కిటికీ వైపు ఓరగా చూసింది. ఆమె భర్త ఎగోన్ ఎప్పటిలాగే అక్కడ కూర్చుని చాకుతో పెన్సిలు చెక్కుకుంటున్నాడు. పడవ ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఆమెకి కారు నడపడం రాదు కాబట్టి తీసుకొచ్చి, కాఫీ ఫ్లాస్కు మోసుకొచ్చి, ఆ మూల కూర్చుంటాడు. నోటుబుక్కులో ఇంజను బొమ్మలు గీసుకుంటాడు. ఈ కథ అతని చెవిన పడిందో లేదో ఆమెకి తెలియలేదు.

"ఆ భార్యని నేను నమ్మను," అంది బోడిల్, నోటినిండా కేకుతో. "అన్నీ తనే చెబుతోంది. అతను మాట్లాడలేదా, ఈవిడ మాట్లాడనివ్వలేదా? మనకేం తెలుసు?"

"మంచి ప్రశ్న," అంది సీనె. "ఆమె 'నేను' అన్నంతసేపూ మనం ఆమె కళ్లతోనే చూస్తాం. ఇదే కథ అతను 'నేను' అని చెబితే ఎలా ఉంటుంది?"

"రెండు లైన్లలో అయిపోతుంది," అన్నాడు యెస్పర్.

అందరూ పగలబడి నవ్వారు. "మన ఎగోన్‌కి ఈ జన్మలో కేక్ జరిమానా పడదు, చూడండి," అని బోడిల్ అటు చెయ్యి ఊపింది. ఎగోన్ కూడా కొంచెం నవ్వి, మళ్లీ పెన్సిలు చెక్కుకున్నాడు.

వీబెకెకి ఎక్కడలేని కోపం వచ్చింది. "బండరాయేం కాదు!" అంది. "కొందరికి మాట రాదు, అంతే. ఆమె లేవకముందే మెట్లమీద మంచు తీసేస్తాడు. ఆమె బూట్లు పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి ఉంచుతాడు. అదంతా మాట కాదా?"

సీనె కాగితాలు అటూ ఇటూ తిప్పింది. "మంచు తీసినట్టు ఎక్కడుంది, వీబెకె గారూ? బూట్ల సంగతి కూడా కథలో లేదే."

వీబెకె తల దించుకుంది. వదిలి వెళ్లబోయే మనిషిని ఇంతగా వెనకేసుకొచ్చిందెందుకో ఆమెకే అర్థం కాలేదు.

"నాకూ అదే ఆశ్చర్యం," అంది సీనె నెమ్మదిగా. "ఆ భార్య మనసు మూల మూలా తెలుసు ఈ రాసినవాళ్లకి. ఆమె ఒంటరితనం మీద ఎంతో జాలి చూపించారు. భర్త గురించి మాత్రం ఒక్క మంచి ముక్క రాయలేదు. అతనంటే అంత కోపం ఎందుకో మరి."

"ఇంతకీ ఆమె వెళ్తుందా, ఉంటుందా?" అన్నాడు యెస్పర్.

"అతను ఏమంటాడన్న దాన్నిబట్టి," అంది వీబెకె. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆమె ఆలస్యంగా గ్రహించింది.

సీనె గంట కొట్టింది. "రాసినవాళ్లు ఇక నోరు విప్పొచ్చు."

వీబెకె గిరుక్కున బోడిల్ వైపు తిరిగింది. "చెప్పు. నా సూట్‌కేసు ఎప్పుడు చూశావు?"

"ఏ సూట్‌కేసే?" బోడిల్ కళ్లు పెద్దవి చేసింది. "ఈ కథ నీదే కదా! నా కథే వస్తే ఎలాగూ నోరాగదని కేకు ముందే చేసుకొచ్చా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కిటికీ దగ్గర ఎగోన్ గొంతు సవరించుకున్నాడు.