సబ్బవ్వకు సువార్త

“మళ్ళీ ఉతుకు,” అంది సబ్బవ్వ, పిండిన దుప్పటిని వెలుగుకి ఎత్తి చూసి.

“శుభ్రంగానే ఉంది కదవ్వా!”

“నీ కంటికి శుభ్రమే. దీని మీద పడుకునేవాడి వీపునడుగు. సబ్బు జిడ్డు వదల్లేదు, పుండుకి తగిలితే భగ్గుమంటుంది. మళ్ళీ ఉతుకు.”

అమ్మాయి దుప్పటిని మళ్ళీ తొట్టిలో ముంచింది. ఇరవై రెండేళ్ళు నిండీ నిండకుండానే, ఇంటిల్లిపాదీ వద్దంటున్నా వినకుండా, ప్రభువు పిలిచాడని దేశం కాని దేశం వచ్చింది. ఏయే దేశాల నుంచో యువతను ఏరి, ఏయే దేశాలకో పంపే మిషన్ సంస్థ ఒకటి ఆమెను ఏడాది సేవకని ఈ ఆసుపత్రికి పంపింది. వాక్యం చెబుదామని వస్తే బట్టల తొట్టి దక్కింది. వచ్చిన రోజే పెద్ద డాక్టరు, “నర్సులున్నారు, ఉతికే చేతులే చాలడం లేదు. వెళ్ళి సబ్బవ్వ దగ్గరుండు,” అనేశాడు.

సబ్బవ్వకి డెబ్బై దాటి ఉంటాయి. ఆ పేరు రోగులు పెట్టింది. అందరూ అలాగే పిలుస్తారు కాబట్టి అమ్మాయీ అలాగే పిలిచింది. ముసలావిడ ఆదివారం ఆరాధనకి రాదు. బైబిలు ముట్టుకోగా ఎవరూ చూడలేదు. కంచం ముందు కూర్చుంటే చాలు, పాపం, అలసటతో కళ్ళు మూతలు పడతాయి. కాసేపు అలా కునుకు తీసి గానీ ముద్ద ఎత్తదు.

ఇంత వయసొచ్చినా వెలుగు చూడని ఆ ప్రాణాన్ని తలుచుకుంటే అమ్మాయికి జాలేసేది. ఎవరు మారినా మారకపోయినా, తను వెళ్ళేలోపు ఈ ఒక్కరినైనా ప్రభువు దగ్గరికి చేర్చాలని పట్టు పట్టింది.

“అవ్వా, ప్రభువు గురించి నీకెప్పుడైనా ఎవరైనా చెప్పారా?”

“చెప్పారులే. ఆ కొస పట్టుకో, పిండుదాం.”

“ఆయన నీ కోసం ప్రాణం పెట్టాడు, తెలుసా?”

“నువ్వు నా కోసం రెండు బకెట్ల నీళ్ళు పెట్టు. తర్వాత విందాం.”

“పోనీ, ఆదివారం ఒక్క గంట రా. చాలు.”

“మీరంతా అక్కడికి పోతే, వార్డులో వాళ్ళకి దాహమేస్తే ఎవరిస్తారే పిల్లా?”

రానమ్మకి సాకులకేం కొదవ, అనుకుంది అమ్మాయి.

ఏడో నెలలో, బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ ఆడవాళ్ళ వార్డులో చేరింది. పురిట్లోనే బిడ్డ పోయింది. మూడు రోజులుగా గోడ వైపు తిరిగి పడుకునే ఉంది. తిండి లేదు, మాట లేదు. “ఇలాగే ఉంటే తల్లి కూడా దక్కదు,” అంది పెద్ద నర్సు.

ఇదీ తన పని అనుకుంది అమ్మాయి. చేతులు తుడుచుకుని, బైబిలు పట్టుకుని మంచం పక్కన కూర్చుంది.

“అమ్మా, దేవుడు ఏం చేసినా మన మేలుకే...”

అంతే. ఆ తల్లి చివాలున ఇటు తిరిగి, చేతికందిన గ్లాసు విసిరికొట్టింది. “నీకూ ఓ బిడ్డ పుట్టి పోయాక వచ్చి చెప్పు ఆ మాట!”

అమ్మాయి బట్టల గదిలోకి పరుగెత్తి, తొట్టి పక్కన కూలబడింది.

“నేను వెళ్ళిపోతానవ్వా. నాకిది చేతకాదు. ఆయన పిలిచాడనుకున్నాను, పొరబడ్డాను.”

సబ్బవ్వ ఓదార్చలేదు. “వేడినీళ్ళు తోడు,” అంది. “నాతో రా. నోరు మాత్రం ఇక్కడే పెట్టి రా.”

మంచం చివర బేసిను పెట్టి, సబ్బవ్వ ఆ తల్లి తలను రెండు చేతుల్లోకి తీసుకుంది. చిక్కులు కట్టిన జుట్టును పాయ పాయగా విడదీసి రుద్దడం మొదలెట్టింది. అమ్మాయి నీళ్ళు పోసింది. బేసిను రెండుసార్లు నిండితే పారబోసి వచ్చింది. ఉన్నట్టుండి ఆ తల్లి భుజాలు కదిలాయి. బావురుమంది. సబ్బవ్వ ఊరుకోమనలేదు, చెయ్యీ ఆపలేదు.

“పాపకి జుట్టు చాలా ఉందవ్వా,” అంది చివరికి ఆ తల్లి.

“ఎలా ఉంది తల్లీ?”

“ఉంగరాలు ఉంగరాలుగా.”

“ఇంకా చెప్పు.”

ఆవిడ చెప్పింది. ముక్కు గురించి, వేళ్ళ గురించి, తను ముందే కుట్టి ఉంచిన గౌన్ల గురించి చెప్పింది. చెప్పి చెప్పి గొంతెండిపోయి, తాగడానికి కాసిని పాలడిగింది.

మర్నాటి నుంచి పొద్దున్నే అమ్మాయే వేడినీళ్ళు మోసుకెళ్ళింది. బైబిలు గదిలోనే ఉండిపోయింది. తొమ్మిదో రోజున ఆ తల్లి తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ అమ్మాయి అరచేతులు తిప్పి చూసి, “నీవి కూడా అవ్వ చేతుల్లా నానిపోయాయే,” అని వాటిని కళ్ళకద్దుకుంది.

ఏడాది ముగుస్తుండగా సంస్థ నుంచి ఒక ఫారం వచ్చింది. ‘ఇంకా కొనసాగుతారా?’ అన్నచోట అమ్మాయి తడుముకోకుండా ‘ఉంటాను’ అని రాసింది. ‘మీ ద్వారా ప్రభువును తెలుసుకున్నవారి పేర్లు’ అన్నచోట పెన్ను ఆగిపోయింది. ఒక్క పేరూ లేదు.

ఫారం పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్ళింది.

“అవ్వా, నీ పేరు రాసుకోనా? నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నువ్వు చేసేదంతా ఆయన పనే. నీ అసలు పేరు చెప్పు.”

సబ్బవ్వ పకపకా నవ్వింది. “ఎందుకులేవే? వాళ్ళ దగ్గర నా పేరు ఎప్పట్నుంచో ఉంది.”

“సంస్థ వాళ్ళ దగ్గరా? అదెలా?”

సబ్బవ్వ తడి చేతులు తుడుచుకుని, అమ్మాయి గడ్డం పట్టుకుంది.

“వాళ్ళు ఇక్కడికి మొట్టమొదట పంపిన పిల్లని నేనే.”