వంతెన మీది పైసలు

జమున టేబుల్‌కు అంటించిన కాగితం మీద చేయాల్సిన పనులు ఆరున్నాయి. పేరు స్టెఫీ అని చెప్పాలి. కస్టమర్ క్రిప్టో కాయిన్లను ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దాటించే 'వంతెన' లింకు పంపాలి. భద్రత కోసం ఇంట్లోవాళ్లక్కూడా చెప్పొద్దనాలి. ఏడు రోజులు ఆగమనాలి. ఎనిమిదో రోజు ఇంకో ఫీజు అడగాలి. తిడితే చాట్ మూసేయాలి.

ఐదు పనులు అయిపోయాయి. ఇవాళ పదకొండో రోజు.

అబిడ్స్‌లో చెప్పుల షాపు పైన ఆఫీసు. ఇక్కడ కస్టమర్లకు పేర్లుండవు. కాయిన్లుండే వాలెట్‌కు చాంతాడంత అడ్రసు ఉంటుంది, అందులో చివరి నాలుగంకెలే పేరు. ఇతను 4471. పొద్దున్నుంచి చాట్‌లో తిడుతూనే ఉన్నాడు.

"ఏడు దినాలన్నరు. పదకొండైనయ్. గాడ లేవు, గీడ లేవు. నా పైసలు ఏ వంతెన మీద పండుకున్నయ్ మేడమ్?"

నెట్‌వర్క్ బిజీగా ఉందని టైపు కొట్టింది జమున.

"సదువుకున్నోళ్లు గిట్లనా జేసేది?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. విసురుగా లేచి మేనేజర్ రవికిరణ్ దగ్గరికెళ్లింది. 4471 డబ్బు అసలు వస్తుందా అని అడిగింది.

అతను ఫోన్లోంచి తలెత్తలేదు. "ఆయనకు వస్తే నీకు జీతమెట్ల వస్తదమ్మా?"

జమున అక్కణ్నుంచి కదల్లేదు.

"చాట్ మూసెయ్. సాయంత్రం అడ్వాన్స్ ఇస్త" అన్నాడు.

శనివారంలోపు ఫీజు కట్టకపోతే బీఎడ్ సీటు పోతుంది. అన్నను అడగదల్చుకోలేదు. నాంపల్లి స్టేషన్ దగ్గర ఆటో నడిపి ఇంతదాకా చదివించాడు, అది చాలు.

వచ్చి కూర్చుంది. రవికిరణ్ మీద మండుతోంది. తన మీద తనకే మండుతోంది. చేతికి అందినవాడు మాత్రం 4471 ఒక్కడే.

"చదువు రానివాళ్లకు ఇవన్నీ ఎందుకు సర్? తెలియనప్పుడు దిగకూడదు" అని టైపు చేసి పంపింది.

అవతల ఏదో రాస్తున్నట్టు మూడు చుక్కలు. ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి. జమున చాట్ మూసే బటన్ మీద వేలు పెట్టి ఎదురుచూసింది. ఈసారి వచ్చిన దాంట్లో తిట్టు లేదు.

"ఔ మేడమ్, సదువు నాకు రాదు, మా చెల్లెకొచ్చు, అబిడ్స్‌ల కాయిన్లు మార్చే ఆఫీసుల జేస్తది, గందుకే గీ పనిజేసేటోళ్లు మంచోళ్లని నమ్మి ఆమె బీఎడ్ పైసలు మీ చేతుల వోసిన, గని ఆమె మీ లెక్క కాదు, జమున అంటరు, జర యాదిల పెట్టుకోండ్రి."