మన డ్రైవరు ఉండగా

"ఫ్రిజ్ ఫోన్ చేసిందట!" అన్నారు మాస్టారు, పేపరు మోకాలి మీద దులిపి.

ఎనిమిదిన్నర ట్రిప్పు, ఏడో నంబరు బస్సు. బయట ముసురు. ముందు సీట్లో కూర్చుని పేపరు పైకి చదవడం, చదివినదాన్ని చీల్చి చెండాడడం రిటైరైన మాస్టారికి రోజూ ఉండే పని. ఇష్టమున్నా లేకపోయినా బస్సంతా వినాల్సిందే.

"ఎవరికండీ?" అన్నారెవరో.

"ఇంటావిడకి. పాలు అయిపోయాయని. మా ఆవిడ నలభై ఏళ్లుగా అదే కబురు ఫోన్ లేకుండా వీధి చివరిదాకా వినపడేలా చెబుతోంది. ఆవిడ ఫొటో మాత్రం ఏ పేపరువాడూ వెయ్యలేదు."

బస్సు గొల్లుమంది. డ్రైవరు కూడా నవ్వాడు. ఇస్త్రీ మడత నలగని యూనిఫాంలో, స్టీరింగ్ మీద రెండు చేతులూ వేసి బుద్ధిగా కూర్చున్నాడు. ఈ రూట్లో అతనికి పంతొమ్మిదేళ్లు. ఎవరు ఎక్కడ ఎక్కుతారో, ఎవరికి ఏ మోకాలు నొప్పో అతనికి కంఠతా వచ్చు.

"ఇంకో ఘోరం వినండి," అన్నారు మాస్టారు. "డ్రైవర్లు లేని బస్సులు తెస్తారట! జనం ఏమంటారో కనుక్కుని మరీ తెస్తారట. ఎంత మర్యాదో చూడండి!"

"మన డ్రైవరు ఉండగా మనకేం భయం లెండి," అంది వెనక సీటావిడ.

"ఉండనిస్తేగా!" మాస్టారు సంచిలోంచి కాగితాల కట్ట తీశారు. 'మాకు మనిషే కావాలి' అని పైన పెద్దక్షరాలు. కింద సంతకాలు. గడపగడపా ఎక్కి పెట్టించినవి. ఇవాళ పెద్ద ఆఫీసులో ఇచ్చేయాలి. "ఇదిగో బాబూ, నువ్వూ ఒకటి గీకు. నీ కోసమేగా ఇదంతా!"

"నేను పెట్టకూడదు మాస్టారూ."

"ఉద్యోగానికి ముప్పా?"

"అలాంటిదే. ఇంకా రెండేళ్ల సర్వీసుంది. అమ్మాయి చదువు సగంలో ఉంది."

"హవ్వ! మనిషికి నోరు కూడా లేకుండా చేశారు," అని నిట్టూర్చారు మాస్టారు.

అంతలో ఒక కుక్క రోడ్డుకి అడ్డంగా దూకింది. బస్సు ఆగింది. కీచుమనలేదు, కుదపలేదు. నిలబడ్డవాళ్లు కూడా తూలలేదు.

"చూశారా! అదీ మనిషి కన్నంటే!" మాస్టారు సీట్లోంచి లేచినంత పని చేశారు. "యంత్రమైతే ఈపాటికి దాని ఉసురు పోసుకునేది."

"ఈమధ్య మరీ బాగా తోలుతున్నావయ్యా," అంది వెనక సీటావిడ. "ఇదివరకు దారిలో గుంతలన్నీ నా నడుముకే తెలిసేవి."

డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. పొగిడితే తట్టుకోలేడు పాపం అనుకున్నారు అందరూ.

తర్వాతి స్టాపులో పెద్దావిడ ఎక్కింది. ఒక చేతిలో ఫ్లాస్కు. ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని తిన్నగా డ్రైవరు పక్కకే వచ్చింది.

"బాబూ, ఇవాళ మీ పెదనాన్నకి ఆపరేషను. తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్లిపోతారట. నేను కనబడితే గానీ కళ్లజోడు తియ్యనని భీష్మించుకుని కూర్చున్నారట. నర్సు ఇప్పుడే ఫోన్ చేసింది. ఆసుపత్రి గేటు దగ్గర కాస్త ఆపు నాయనా, ఎప్పట్లాగే."

గేటు దగ్గర స్టాపు లేదు. స్టాపు వంతెన దిగాక ఎక్కడో ఉంది. అక్కణ్ణుంచి ఈ వానలో వెనక్కి నడిచి రావాలంటే ఆవిడ మోకాళ్లకి అరగంట. ఆవిడకి ఈ బస్సులో ఆసుపత్రికి వెళ్లే పని పడి ఏడాదైంది గానీ, ఇదివరకైతే ఆవిడ అడక్కముందే గేటు ముందు ఆపేవాడు. చెయ్యి పట్టుకుని దింపిన రోజులు కూడా ఉన్నాయి.

తొమ్మిదికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి.

"ఆపడానికి లేదు పెద్దమ్మా," అన్నాడు డ్రైవరు.

"అదేం మాట నాయనా?"

"కుదరదు. ఇప్పుడు కుదరదు."

"ఒక్క అర నిమిషం! ఏం కొంప మునుగుతుందయ్యా?" అన్నారు మాస్టారు. "మేమెవ్వరమూ పై ఆఫీసులో చెప్పం. చెబుతామా?"

"చెప్పం, చెప్పం!" అంది బస్సు ఏకగ్రీవంగా.

గేటు కనిపించింది. "ఆపు! ఆపవయ్యా!" అని తలో వైపు నుంచీ అరిచారు. ఆపాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. దవడలు బిగుసుకున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. చూపు మాత్రం రోడ్డు మీంచి కదల్లేదు.

గేటు వెనక్కి వెళ్లిపోయింది. బస్సు కొంచెం కూడా నెమ్మదించలేదు.

వంతెన దిగాక స్టాపులో తలుపులు తెరుచుకున్నాయి. పెద్దావిడ ఒక్కొక్క మెట్టే దిగింది. కిందకి దిగాక అతని వైపు చూసింది. ఆవిడ ముఖంలో కోపమైనా లేదు.

"నువ్వున్నావు కదా అనే ఇంకో బండి పిలవలేదు నాయనా," అంది.



మాస్టారు గొడుగు అందుకుని లేచారు. చేతిలోని సంతకాల కట్టని అడ్డంగా చింపారు. మళ్లీ నిలువునా చింపారు. "ఈ మనిషి కోసమా నేను ఇన్ని గడపలు ఎక్కి దిగింది? నీకన్నా ఆ యంత్రమే నయం కదయ్యా! దానికి మనసు లేదని సరిపెట్టుకుంటాం." ముక్కలు అతని ఒళ్లో పడేసి, గబగబా దిగి పెద్దావిడకి గొడుగు పట్టారు.

తలుపులు మూసుకున్నాయి. బస్సు కదిలింది. ఏడవకూడదనుకున్నాడు గానీ, డ్రైవరుకి కళ్లు మసకేశాయి.

జనం బెదరకుండా యూనిఫాం వేసుకుని ముందు సీట్లో కూర్చుంటానని, సంగతి ఎవరికీ చెప్పనని పై ఆఫీసువాళ్లు ఆర్నెల్ల కిందట అతనితో సంతకం పెట్టించుకుని ఆ సీట్లో కూర్చోబెట్టారు గానీ, అతని చేతుల్లోని స్టీరింగ్‌కీ, ఆసుపత్రి గేటు దగ్గర్నుంచీ అతను నేలకంటా తొక్కిపట్టి ఉన్న బ్రేకుకీ ఆ బస్సుతో ఏ సంబంధమూ లేదు.