వందమందిలో మనం

"ఆ ఎర్రబొమ్మల్లో మనం లేం కదా డాక్టరమ్మా?" అంటూ అన్న కంప్యూటరు తెరకి ముక్కు ఆనించినంత పనిచేశాడు.

తెర మీద వంద మనిషిబొమ్మలు బారులు తీరి ఉన్నాయి. చాలావరకు ఆకుపచ్చవి, కొన్ని ఎర్రవి.

"ఇలాంటి ప్రోస్టేటు క్యాన్సరు ఉన్న వందమందిలో, వైద్యం చేశాక పదేళ్లకి ఎంతమంది బాగుంటారో ఇది అంచనా వేస్తుంది. వాళ్లెవరో చెప్పదు" అంది డాక్టరమ్మ.

"ఎవరో చెప్పకపోతే ఇక దీన్నేం చేసుకోను? ఇంకో రెండు ఆకుపచ్చ చెయ్యండి. వయసు ఒక ఏడాది తగ్గించి కొట్టండి."

"వయసు తగ్గించడానికి ఇదేమన్నా పెళ్లిసంబంధమా అండీ?"

పక్క కుర్చీలో తమ్ముడు ముసిముసిగా నవ్వి మంచినీళ్ల సీసా అందించాడు. అన్న గటగటా తాగేశాడు. ఇద్దరూ ప్లంబర్లే. ఒకే ఇల్లు, ఒకే కొట్టు, ఒకే స్కూటరు. మాట్లాడే నోరు మాత్రం అన్నదే. ఎవరేమడిగినా తమ్ముడు గొంతు సవరించుకునేలోపే ఆయన జవాబు చెప్పేసి ఉంటాడు.

"రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నారు?"

"నాలుగుసార్లు. ఆ చెప్పుల చప్పుడుకి ఇల్లంతా లేస్తోంది."

డాక్టరమ్మ అదీ కంప్యూటర్లో నొక్కింది. "ఆపరేషన్ అయితే ఆకుపచ్చ కాస్త పెరుగుతుంది. కానీ కొన్నాళ్లు మూత్రం కారొచ్చు."

అన్న మొదటిసారి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "కారడమా! మేం ఇన్నేళ్లూ బతికిందే దానిమీద. వాషరు మారిస్తే పోతుందా?"

"పోదు. వ్యాయామాలు చేస్తే తగ్గుతుంది."

"సరే, కారితే కారనివ్వండి. మనిషి మిగలాలి గదమ్మా." ఆయన తెర మీంచి మొహం తిప్పుకున్నాడు. "ఆపరేషనే చేసెయ్యండి."

తమ్ముడు కూడా సరేనన్నట్టు తలూపాడు.

"అయితే గురువారం పొద్దున్నే ఏమీ తినకుండా రావాలి."

కత్తి తలపుకొచ్చేసరికి అన్నకి ముచ్చెమటలు పోశాయి. కళ్లు బైర్లు కమ్మాయి. చెప్పులు విడిచి, గోడవారనున్న బల్ల ఎక్కి వెల్లకిలా పడుకుని, తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"భయంగా ఉందిరా" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"ఏం కాదు, నేను లేనూ?" తమ్ముడు జేబురుమాలు తీసి ఆయన నుదురు తుడిచాడు.

"భయపడకండి, రెండో రోజుకే లేచి నడవొచ్చు" అంటూ డాక్టరమ్మ కూడా బల్ల దగ్గరికి వచ్చింది. అన్న కళ్లు తెరవలేదు.

తమ్ముడు వంగి ఆయన చెవిలో మెల్లగా అన్నాడు.

"లే అన్నయ్యా, జబ్బు నాది."