పదిహేడో డిష్‌లో కుమారస్వామి

కాకి పిండం ముట్టలేదు.

అరటాకు పరిచి అరగంట అయింది. వైనతేయ నది గట్టు మీది కొబ్బరిచెట్ల నిండా కాకులే. ఒకటి దిగింది. ఆకు చుట్టూ తిరిగింది. మెడ వంచి చూసి, ఎగిరిపోయింది.

"ఫోన్లు స్విచాఫ్ చేసేయండి బాబూ. మోగేయంటే బెదిరిపోతాయి," అన్నారు పంతులు కృష్ణమూర్తిగారు.

అందరూ ఆపేశారు. యామిని కూడా ఆపేసి సంచిలో వేసుకుంది.

యామిని ఆ ఇంటి మనిషి కాదు. హైదరాబాద్‌లో నరాల కణాల మీద పరిశోధన చేస్తుంది. పోయిన కుమారస్వామి మామిడికుదురు చుట్టుపక్కల పేరున్న దింపు మనిషి. చెట్టెక్కి కొబ్బరికాయలు దింపడం అతని పని. ఆరేళ్ల కిందట ఓ రోజు సగం చెట్టు ఎక్కాక, పాదాలకు మాను తగులుతున్నట్టే తెలియలేదతనికి. జబ్బు అలా బయటపడింది.

యామిని అతని చర్మం చిటికెడు తీసుకుని, దాన్నుంచి నరాల కణాలు పెంచింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దారిలోనే ఆగిపోతున్నాయి. ఆ శక్తి అందక, కబురందుకునే రిసెప్టర్లు నరం కొసదాకా చేరడం లేదు. ఇదంతా చెబితే కుమారస్వామి నవ్వేశాడు.

"అంటే గ్యాస్ బండి సందు మొదట్లోనే ఆగిపోయింది, మా ఇంట్లో పొయ్యి వెలగట్లేదు. అంతేనాండీ?"

అంత బాగా ఆమె విద్యార్థులు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఎక్కొద్దని ఎందరు మొత్తుకున్నా, ఒక్క చెట్టేనంటూ మొన్నామధ్య ఎక్కాడు. పడ్డాడు. పోయి ఇవాళ పదో రోజు.

కణాలు మాత్రం ల్యాబ్‌లో పదిహేడో నంబరు గాజు డిష్‌లో బతికే ఉన్నాయి. నెల రోజులుగా, యామిని వేస్తున్న మందుకి వాటిలో రిసెప్టర్లు కొసదాకా వెళ్తున్నాయి. మందుకు లొంగింది ఆ ఒక్క డిష్షే. ఎందుకు లొంగిందో తేలాలంటే ఇంకో నెలైనా అది బతకాలి.

గట్టు మీద మాటివ్వడాలు మొదలయ్యాయి.

"నీ బిడ్డ నా బిడ్డేరా. రారా తమ్ముడూ," అన్నాడు అన్న సూరయ్య.

"కీర్తిని చదివిత్తానండీ. బెంగెట్టుకోకండి," అంది భార్య సత్యనారాయణమ్మ.

కాకి కదల్లేదు.

తల్లి వీరాయమ్మ మూడు రోజులుగా మజ్జిగ మీదే ఉంది. కాకి ముట్టందే మెతుకు ముట్టనని ఒట్టు పెట్టుకుంది. ఆవిడ ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

"డాక్టరమ్మగారూ, మావోడు మీ దగ్గర బతికే ఉన్నాడు కదండీ?"

తప్పు యామినిదే. పోయినేడు ఈవిడకు ఫోన్‌లో వీడియో చూపించి, మెరుస్తూ కదిలే చుక్కల్ని "అదిగో, మీ అబ్బాయి" అంది. ఏదో ముచ్చటకి అన్న మాట.

"అవి కణాలమ్మా. మనిషి కాదు."

"ఆయ్. కదులుతున్నాయా, లేదాండీ?"

"కదులుతున్నాయి."

"మరి బతికున్నోడికి పిండమెడితే కాకెలా ముడతాదండీ?"

పంతులుగారు వాచీ చూసుకున్నారు.

"పన్నెండు దాటకూడదండీ," అన్నారు మెల్లగా.

వీరాయమ్మ చేతులు జోడించింది. "వదిలేయండమ్మా ఆణ్ని."

యామిని ముఖం తిప్పుకుంది. అటు నుంచి కీర్తి వస్తోంది. కుమారస్వామి కూతురు, తొమ్మిదేళ్లది. కుడికాలి చెప్పు ఎప్పుడో ఊడి, నాలుగడుగుల వెనక పడి ఉంది. కాలిపోతున్న ఇసుకలో ఆ ఉత్తకాలు వేసుకుంటూ నడిచి వస్తోంది. ఊడిన సంగతే ఆ పిల్లకు తెలియలేదు.

ఆరేళ్ల కష్టం ఒకవైపు, ఈ తల్లి ఒకవైపు, ఆ పిల్ల పాదం ఒకవైపు. యామిని సంచిలోంచి ఫోన్ తీసి, అందరికీ కనిపించేలా గట్టు చివర నిలబడింది.

"భాస్కర్, ల్యాబ్‌లోనే ఉన్నావు కదా? పదిహేడో నంబరు తీసెయ్. అవును, మొత్తం. బ్లీచ్ పోసెయ్. ఎందుకని అడక్కు." ఫోన్ చెవికే ఆనించుకుని నది వైపు చూసింది. "అయిపోయిందా? సరే."

వచ్చి వీరాయమ్మ పక్కన కూర్చుంది.

"వదిలేశానమ్మా."

ఆ మాట నోట్లో ఉండగానే కాకి దిగింది. ఈసారి ఆకు చుట్టూ తిరగలేదు. సూటిగా వచ్చి పిండంలో ముక్కు పెట్టింది. దాని వెనక ఇంకోటి దిగింది.

"పదకొండూ నలభై. ముట్టిందండీ," అన్నారు పంతులుగారు.

గట్టు మీద ఏడవని మనిషి లేడు. సత్యనారాయణమ్మ అన్నం కలిపి అత్తగారి నోట్లో ముద్ద పెట్టింది. ఆవిడ మింగి, యామిని చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. యామిని ఆవిడ ముఖంలోకి చూడలేకపోయింది.

రాజోలు వెళ్లే ఆటోలో కూర్చున్నాక కూడా ఆ చేతుల తడి ఆరలేదు. మిట్టమధ్యాహ్నం ఏ కాకికైనా ఆకలేస్తుంది, అంతే, అని తనకు తానే రెండుమూడుసార్లు చెప్పుకుంది.

వంతెన మీదికి వచ్చాక, పంతులుగారు ఆపమన్నప్పటి నుంచీ ఒక్కసారి కూడా ఆన్ చేయని ఆ ఫోన్‌ను ఆన్ చేసేసరికి, భాస్కర్ మెసేజ్ వచ్చి ఉంది: "మేడమ్, మీ ఫోన్ స్విచాఫ్ వస్తోంది, పక్క డిష్‌లన్నీ బాగానే ఉన్నాయి కానీ పదిహేడులో కణాలన్నీ పదకొండూ నలభైకి ఒక్కసారిగా ఆగిపోయాయి."