తుంటి లెక్క

"కదలొద్దత్తా," అంటూ గంగాధర తిప్పమ్మ మోకాలికి ఇంకో తెల్ల బిళ్ల అంటించాడు.

కలుపుకు పోయేటప్పటిలా చీర పైకి దోపుకుని, చేతికర్ర ఊతంగా నిలబడింది తిప్పమ్మ. సెలవులు కావడంతో నిడుగల్లు బడి ఖాళీగా ఉంది. గంగాధర ఆమె అన్న కొడుకు. బెంగళూరులో ఇంజనీరింగు చదివి, మనుషుల తుంటి కీళ్ల మీద పరిశోధన చేస్తున్నాడు.

"ఇదంతా ఏందిరా?"

"ఈ బిళ్లలు కనపడేట్టు నువ్వు నడిచేది వీడియో తీస్తా. కింద ఈ పలక నీ అడుగు బరువు పట్టుకుంటాది. రెండూ కంప్యూటర్లోకి ఎక్కిస్తే నీ ఎముకలు, కండలు బొమ్మగా వస్తాయి. ఏ కండ ఎంత లాగుతా ఉండాది, తుంటి మీద ఎంత బరువు పడతా ఉండాది, కోయకుండానే తెలుస్తాది."

"లోపలుండేదంతా తెలుస్తాదా?" తిప్పమ్మ ఒకడుగు వెనక్కి వేసింది.

"భయపడొద్దమ్మే," అన్నాడు గుమ్మంలో కూర్చున్న ఆమె మొగుడు ఆదెప్ప. "నేను ఈడనే ఉండా కదా."

"ఇప్పుడు వేసే ఇనుప కీళ్లు కుర్చీల్లో కూర్చునే దొరలకని చేసినవి మామా," అన్నాడు గంగాధర. "మనం గొంతుక్కూర్చుని కలుపు తీస్తాం, బిందెలు మోస్తాం. మన లెక్క వేరే. లెక్క కుదిరిన ఒక్కరికి మా ప్రొఫెసరు ఊరికే ఆపరేషన్ చేయిస్తాడంట."

ఆదెప్ప చేతులు జోడించాడు. "మీ అత్తకే చేయించు నాయనా. నీకు పుణ్యముంటాది."

ఆ జోడించిన చేతులను చూడలేక తిప్పమ్మ తల తిప్పుకుంది.

ఒకప్పుడు ఆదెప్ప పెళ్లాన్ని నోరారా పిలిచిన పాపాన పోలేదు. మాట కంటే ముందు చెయ్యి లేచేది. ఓ ఏడు వేరుసెనగ కాయలు ఇంటికి తెస్తూ, ఏదో కోపంలో ఎద్దులను బాదితే బండి గట్టెక్కి తిరగబడింది. మూటల కింద తిప్పమ్మ. ఆమె చేతికి కర్ర వచ్చింది అప్పుడే. ఆ రోజుతో ఆ మనిషి మనిషయ్యాడు. కరువుకు ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయి గుట్ట అవతలి బోరుకు పోవాల్సి వచ్చినా నీళ్ల బిందెలు తానే భుజానికెత్తుకున్నాడు. మగోడు నీళ్లు మోయడమేందని ఊరంతా పళ్లికిలించింది. నవ్వేవాళ్ల నోళ్లే నొప్పి పుడతాయిలే అని ఊరుకున్నాడు. అరుగు మీద కాయలు ఒలుచుకుంటూ ఆయన రాక చూసే తిప్పమ్మకు మాత్రం ఆ నీళ్లు గొంతు దిగేవి కావు. ఇంక చాలు, మోయొద్దు అనాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. దిగమింగేది.

కెమెరా ముందు తిప్పమ్మ కర్ర పోటేసుకుంటూ, కుడికాలు ఈడుస్తూ పలక దాటింది. ఒళ్లంతా చెమట.

"అయిపోయిందత్తా," అంటూ గంగాధర గడప దగ్గర వంగాడు. "ఈ చెప్పు చూడు. కుడిది ఒక పక్కే ఎట్ల అరిగిందో! తుంటి చెడితే ఇంతే."

అవి టైరు చెప్పులు. ఊళ్లో ఆడా మగా అందరివీ అవే. కానీ అతను పట్టుకున్నవి ఆదెప్పవి.

తిప్పమ్మ పక్కనే ఉన్న, రెండూ ఒకే తీరుగా అరిగిన తన జతను కర్రతో బెంచీ కిందికి తోసేసింది. బిందె దించేటప్పుడు ఆయన పళ్లు బిగబట్టడం, అడిగితే వాయువులే అని నవ్వేయడం గుర్తొచ్చాయి. ఈ పాపం ఏ గంగలో మునిగితే పోతుంది!

"రేయ్, మీ మామను కూడా నడిపించు. బిందెతో."

"నాకేమొచ్చె? గుండ్రాయి మాదిరి ఉండా!"

"నడువప్పా," అంది తిప్పమ్మ. ఆ గొంతు విని ఆదెప్ప లేచి, బడిలోని నీళ్ల బిందె భుజానికెత్తుకున్నాడు.

"మంచిదే," అన్నాడు గంగాధర. "బాగుండే మనిషి లెక్క కూడా ఒకటి కావల్ల."

నెల తిరిగాక గంగాధర అత్త ఇంటికి వచ్చాడు. కంప్యూటర్ లెక్క చూసి నమ్మలేక, మామను తుమకూరుకు పిలిపించి ఎక్స్‌రే తీయించి మరీ వచ్చాడు.

"మామా, చెడింది నీ కుడి తుంటి. అసలే అరిగిన కీలు. ఎడమ భుజాన బిందె పెడితే దాని బరువు నాలుగైదింతలై ఆడ పడతా ఉండాది. ఆపరేషన్ నీకే."

"మరి మీ అత్తకి?"

గంగాధర తల గోక్కున్నాడు. "అత్త లెక్క కుదరలా. అంత కుంటుతా ఉన్నా, ఆ కాలి బరువు పలక మీద బాగుండే కాలి మాదిరే పడింది. నా ప్రోగ్రాములోనే యాడో తప్పుండాది."

"అయితే తప్పు దిద్దుకుని, ఆ ఇనుప కీలు ఆమెకే పెట్టించు."

"ఒక్కరికే చేస్తారు మామా! వద్దంటే నువ్వు మంచాన పడతావు."

"పడనీ. ఆమెను బండి కిందేసింది నేను. ఆమె కాలు బాగయ్యేదాకా నా కాలు ముట్టనీను." స్తంభం పట్టుకుని పైకి లేచి, అలవాటుగా బిందె అందుకున్నాడు ఆదెప్ప. నొప్పికి మొహం నల్లబడిపోయింది.

తిప్పమ్మ కళ్లు నిండాయి. ఇన్నేళ్లూ దిగమింగిన మాట ఇప్పుడూ నోటికి రాలేదు. లేచి వచ్చి ఆయన చేతిలో బిందె లాక్కుంది. తన చేతికర్ర ఆయన చేతిలో పెట్టింది.

"ఏం చేస్తా ఉండావే? కాలు జాగ్రత్త!" అరిచాడు ఆదెప్ప.

తిప్పమ్మ బిందె చంకన పెట్టుకుని, అరుగు దిగి, వెనక్కి చూడకుండా బోరు దారి పట్టింది.

ఆమె కుంటలేదు.