కుర్చీ మీద కోటు

“ఆ కోటు తియ్యకండి డాక్టర్. మనిషున్నారు.”

మృదుల చెయ్యి వెనక్కి తీసుకుంది. గుంటూరు బస్సులో సీటుకి తువ్వాలు వేసినట్టు, రోగి ఫింటన్ మంచం పక్క కుర్చీలో కోటు పరిచి ఉంది. ఐర్లండ్‌లోని ములింగార్ ఆస్పత్రి వార్డులో అది చూడవచ్చేవాళ్ళ వేళ. మిగతా మంచాల చుట్టూ చుట్టాలు, నవ్వులు.

“మీవాళ్ళు టీకి వెళ్ళారా?”

“కోటు నాదే.”

మృదుల ఆయన నాడి పట్టుకుంది.

“టీవీలో వినోదపు షోలు తీసేవాణ్ణి. స్టూడియోలో ప్రేక్షకుల్లో ఎవరైనా లేచి బయటికెళితే, ఆ సీట్లో వెంటనే మా మనిషిని కూర్చోబెట్టేవాళ్ళం. కెమెరాకి ఖాళీ సీటు కనపడకూడదు.”

“ఇక్కడ కెమెరాలు లేవుగా.”

“ఎదురు మంచం ఆయన భార్య ఉంది. నిన్న జాలిపడి ద్రాక్షపళ్ళు ఇచ్చిపోయింది.”

మృదుల డ్యూటీ అప్పటికే అయిపోయింది. ఇంటికెళ్ళినా తాళం తీసుకోవాల్సింది తనే. కోటు మడిచి మంచం మీద పెట్టి, కుర్చీలో కూర్చుంది.

ఫింటన్ తల పక్కకి వంచి, కన్ను చికిలించి ఆమెను చూశాడు.

“మెళ్ళో ఆ స్టెతస్కోపు తీసెయ్యండి. ద్రాక్షపళ్ళావిడ ఇటే చూస్తోంది. మీరు నాకోసం వచ్చారనుకోవాలి.”